వాగులో పసుపు గౌను

వాషింగ్ మెషీన్‌లో రెండు రోజులు మరిచిపోయిన బట్టల కంపు తగిలితే ఇప్పటికీ నా కాలి వేళ్లు వాటంతటవే ముడుచుకుపోతాయి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తిరుపతి కొండల వెనక అడవిలో, వాగు వెంబడి అవ్వతో తీర్థానికి నడుస్తున్నాను. నలుగురు చేతులు కలిపినా చుట్టు రాని పాత మానులు, ఎండే దిగని దారి. వాగు దాటుతుంటే మెత్తగా ఏదో పాదానికి చుట్టుకుంది. చచ్చిన పామనుకుని కేక పెట్టాను. తీరా చూస్తే ఎవరిదో బనీను. నాచు పట్టి చీమిడిలా సాగుతోంది. వాగు నిండా అవే. లుంగీలు, జాకెట్లు, లోపలి బట్టలు కూడా.

"తొక్కబాకు అమ్మీ! తీర్థంలో మునిగినోళ్లు పాపాలతో పాటు ఇడిసేసిన గుడ్డలవి," అంది అవ్వ.

ఆ జిగటే పాపమనుకున్నాను. ఎవరిదో నాకు అంటుకుందని, పాదం ఎర్రబడేదాకా ఇసకతో తోమాను.

తీర్థంలో నన్ను ముంచి లేపి, పొడి పావడా కట్టి, నాకెంతో ఇష్టమైన పసుపు గౌనును అవ్వ నీళ్లలోకి విసిరేసింది.

"నేనేం పాపం చేసినానవ్వా?" అని ఏడ్చాను.

"తెలిసి చేసేటివేనా పాపాలు? నడువు," అంది.

తిరుగుదారిలో, వాగు దాటే ఆ చోటే, నా ఈడు పిల్ల ఒకతె ఎదురొచ్చింది. నీళ్లలో కాలు పెట్టిందో లేదో "ఛీ!" అని అరిచి పాదం విదిలించింది. దానికి చుట్టుకున్నది పసుపు గౌను. ఆ పిల్ల ఒడ్డున కూర్చుని ఏడుస్తూ, ఇసకతో పాదం తోముకుంది.

నేను అవ్వ చెంగు చాటున నక్కి దాటేశాను. నేనేం పాపం చేశానని అవ్వను మళ్లీ అడగలేదు.