మడమ ఆనని మనిషి

ఎనభైల నడుమ మూడేళ్ళపాటు నేను గుంటూరులో ఒక రైతుల పత్రికకి బొమ్మలు వేశాను. అరండల్‌పేటలో పాత మేడ. కింద ప్రెస్సు, పైన ఆఫీసు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. ఆదివారం బడిలో ఫ్లానెల్ గుడ్డ మీద అంటించే గొర్రెల్నీ కాపరుల్నీ చిన్నప్పటినుంచీ నేనే గీసి కత్తిరించేదాన్ని. అవి చూసి ఎడిటర్ గారు నన్ను పనికి రమ్మన్నారు.

మొదటిరోజే ఆయన ఒక సంగతి చెప్పారు. "చదువురాని రైతుకి మాటలెందుకమ్మాయ్? మనిషిని చూడగానే, వీడు ఇప్పుడేం చేస్తాడో తెలిసిపోవాలి. ఇద్దరు రైతుల్ని తయారు చెయ్యి. ఒకడు నిదానం, ఒకడు తొందర."

నిదానపు మనిషి రెండు రోజుల్లో కుదిరాడు. ధాన్యపు గాదెలాగా కింద వెడల్పు, పైన సన్నం. కళ్ళు దూరం దూరంగా, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనించి. అలాంటివాణ్ణి ఎవరూ తొయ్యలేరని చూడగానే అనిపిస్తుంది. తొందర మనిషికి మాత్రం పది రోజులు పట్టింది. ఒంటిని కొడవలిలా ముందుకి వంచాను. మెడని ఒంటికంటే ముందు నడిపించాను. కళ్ళని ముక్కు దగ్గరికి లాగాను. అయినా వాడు నిలబడ్డట్టే ఉన్నాడు తప్ప వెళ్తున్నట్టు లేడు. చివరికి కుడి భుజం కాస్త కిందికి దించి, తువ్వాలు కొస పళ్ళ మధ్య పెట్టి, ఎడమ మడమ నేలమీంచి ఒక్క అంగుళం పైకి లేపాను. అంతే, వాడు కదిలాడు. మొహం మాత్రం ఎప్పుడూ పూర్తిగా మనవైపు తిప్పలేదు. తర్వాతి గడివైపు, అంటే కుడివైపుకే చూస్తుండేవాడు. చదివేవాళ్ళ కన్ను కూడా వాడి వెంట పోవాలని.

ఎడిటర్ గారు ఇద్దర్నీ నల్ల సిరాతో నింపేసి, నీడలు మాత్రం మిగిల్చి, ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆయనకి దూరం నుంచి చూపించారు. ఆయన తొందర మనిషి నీడని చూసి, "వీడు పురుగుమందు కలపకముందే డబ్బా ఎత్తేసే రకమండి" అన్నాడు. ఎడిటర్ గారు నా వైపు తిరిగి తలూపారు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నా కాళ్ళు కూడా నేల మీద లేవు.

బొమ్మల కథ ఏడాదికి పైగా నడిచింది. పత్తిలో పురుగు, మిరపలో ముడత, మందు ఎంత కలపాలి, ఎప్పుడు కొట్టాలి. నిదానపు మనిషి సరిగ్గా చేస్తాడు, తొందర మనిషి చెడగొట్టుకుంటాడు. ఊళ్ళనుంచి కార్డులు వచ్చేవి. అందరూ తొందర మనిషినే అడిగేవారు.

ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం ఒకామె మెట్లెక్కి వచ్చింది. ముప్పై లోపు వయసు. చేతిలో మా పత్రిక కాగితం ఒకటి. కొట్లో ఏదో పొట్లం కట్టి ఇస్తే ఆమె చేతికి వచ్చిందట. మడతలు సాపు చేసి నా బల్ల మీద పరిచి, తొందర మనిషి మీద వేలు పెట్టింది.

"ఈ బొమ్మేసింది మీరేనాండి?"

"నేనేనండి."

"ఈయన మీకు ఎక్కడ కనపడ్డాడు?"

నాకు నవ్వొచ్చింది. "ఎక్కడా కనపడలేదక్కా. నేను కల్పించిన మనిషి."

ఆమె నవ్వలేదు. "మా ఆయనండి ఇది. మాది వినుకొండ అవతల. ఇల్లొదిలి పోయి మూడేళ్ళయింది."

నిలబడే చెప్పింది. చేలో నీళ్ళ దగ్గర ఆమె భర్తకీ అతని అన్నకీ మాటామాటా పెరిగింది. పార కామతో అన్నని తలమీద కొట్టాడు. అన్న పడిపోయాడు, రక్తం కారింది. చచ్చిపోయాడనుకుని ఇతను ఆ మధ్యాహ్నమే గట్టు దాటి పోయాడు. అన్న బతికాడు. ఆ సంగతి పోయినవాడికి తెలియదు.

"పోలికలుంటాయక్కా, ఒక్కోసారి..."

"పోలిక కాదండి. కుడి భుజం చూడండి. కోపమొస్తే తువ్వాలు కొస ఇట్టానే పళ్ళకింద పెడతాడు. చిన్నప్పుడు ఎడం మడమలో తుమ్మముల్లు ఇరిగి ఉండిపోయింది. ఆ మడమ ఆనదు. మీరు కల్పించారంటున్నారే, ఎడం మడమే ఎందుకు ఎత్తారు?"

కుడివైపుకి నడిచే మనిషిని గీస్తూ, వెనక ఉండిపోయిన కాలు ఎడమదని ఎత్తాను. ఆ జవాబు నా దగ్గర ఉంది. కానీ ఆమె కళ్ళు చూస్తుంటే అది నోట్లోంచి రాలేదు. ఎక్కడా చూడలేదని మళ్ళీ అన్నాను. "సరేలెండి" అని కాగితం మడిచి జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాడి మడమ కిందికి దించి చూశాను. వాడు ఇంకెవరో అయిపోయాడు. భుజం సరిచేశాను, మడమ ఉంచాను. అదీ కాదు. ఏదీ మార్చడానికి వీల్లేకుండా ఉన్నాడు. అలా ఉంటేనే బొమ్మ బాగా కుదిరినట్టని నాకు నేర్పారు. కానీ ఆ రోజు మాత్రం, బొమ్మ నా మాట వినడం లేదనిపించి పెన్సిలు కింద పెట్టేశాను.

అప్పటికే తర్వాతి సంచిక అచ్చయిపోయింది. అందులో తొందర మనిషి గాలికి ఎదురుగా మందు కొట్టి, కళ్ళు తిరిగి పత్తి చేలో బోర్లా పడతాడు. రైతుకి భయం తెలియాలని ఎడిటర్ గారు కావాలని పెట్టించిన కథ. నాకు ఆమె గుర్తొచ్చేసరికి పత్రికలు బస్సులెక్కేశాయి.

మూడోరోజు పొద్దున్నే ఆమె వచ్చింది. జుట్టు ముడి ఊడి, చెప్పుల్లేకుండా, చేతిలో కొత్త సంచికతో.

"ఎక్కడ పడిపోయాడండి? ఏ ఆస్పత్రిలో ఉండాడు?"

ఎడిటర్ గారు లేచి కుర్చీ వేశారు. "అమ్మా, ఇది కథ. మనిషి లేడమ్మా." ఆయన చెప్పేకొద్దీ ఆమె నన్నే చూసింది.

"మీరు చెప్పండమ్మాయిగారూ. లేస్తాడా?"

"లేస్తాడక్కా. వచ్చే సంచికలో లేస్తాడు."

"ఇప్పుడే లేపండి."

ఏం చెయ్యను? ఒక తెల్లకాగితం తీసి, వాడు మోచెయ్యి ఊని లేస్తున్నట్టు గీశాను. ఆమె బల్లమీదికి వంగి పెన్సిలు కొసనే చూస్తోంది. ఊపిరి నా చేతికి తగులుతోంది. బొమ్మలో వాడు లేచి నిలబడ్డాక అంది, "ఒక్కసారి మొహం ఇటు తిప్పండి. చూసి పోతాను."

తిప్పబోయాను. నాకు రాలేదు. కళ్ళు దగ్గరగా పెడితే ఎవరో దొంగలా ఉన్నాడు, దూరం పెడితే ఎవరో పెళ్ళికొడుకులా ఉన్నాడు. నాలుగు కాగితాలు పాడు చేశాను. ఎదురుగా వాడికి మొహమే లేదు. నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె నాలుగూ చూసి, నెమ్మదిగా అంది.

"అయితే మీరు ఆయన్ని పోయేటప్పుడే చూశారన్నమాట."

ఎండ కిటికీలోంచి నిండుగా పడుతోంది, కింద ప్రెస్సు ఆడుతోంది. అయినా వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది.

ఆమె ఆ తర్వాత రాలేదు. పాత సంచికలు పంపమని ఆమె పేరుమీద ఎవరితోనో రాయించిన కార్డు వచ్చింది. పంపాం.

వానలు మొదలయ్యాక ఒక మనిషి వచ్చాడు. వెడల్పాటి మనిషి, మెడ పొట్టిది, కనుబొమల మొదళ్ళలో సున్నం తెల్లగా పట్టేసి ఉంది. గుమ్మంలో రెండు పాదాలూ పాతినట్టు నిలబడ్డాడు. చూడగానే నాకు నా నిదానపు మనిషే గుర్తొచ్చాడు.

"అమ్మాయిగారండీ, మీరేసిన మనిషి మా ఇంట్లో ఉంటన్నాడండి."

నాకు అర్థం కాలేదు. ఆయన తువ్వాలు దులిపి కింద కూర్చుని, ఆమె భర్తని తనేనని చెప్పాడు. మూడేళ్ళు పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర రాయి మోశాడు. వాళ్ళ ఊరి కూలీ ఒకడు పనికి వచ్చి, మీ అన్న బతికే ఉన్నాడని చెప్తే ఆ రోజే బయల్దేరి ఇంటికి వెళ్ళాడు.

"మా ఆవిడ నన్ను చూసి, ఎవరు కావాలండీ అందండి. అంతకుముందు ఏందయ్యా, ఎక్కడ చచ్చావయ్యా అని తిట్టేది. ఇప్పుడు మీరు అంటది. చుట్టానికేసినట్టు విస్తరాకేసి పెడతది. గోడంతా ఆ బొమ్మలాయనేనండి. వాళ్ళందరి ముందూ కూర్చుని తింటన్నాను. మీరొచ్చి, అది ఉత్తబొమ్మేనని ఒక్కమాట చెప్పండి. మీ మాట వింటది."

మా నాన్నని తోడు తీసుకుని ఆయనతో వెళ్ళాను. వినుకొండలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచాం. ఆమె గడపలో నిలబడి మమ్మల్ని మర్యాదగా లోపలికి రమ్మంది.

తెల్లసున్నం కొట్టిన గోడ. చేలో పడిపోయిన బొమ్మ తప్ప, నేను గీసిన ప్రతి బొమ్మలోంచీ తొందర మనిషిని ఒక్కణ్ణే కత్తిరించి, అన్నం మెతుకులతో అంటించింది. పత్తి చేలు లేవు, నిదానపు మనిషి లేడు, మాటలు లేవు. నలభై యాభైమంది అతనే. అందరూ కుడివైపుకే, అందరూ ఒకే మడమ ఎత్తి. ఆ గోడకి కుడిపక్కనే తలుపుంది. అందరూ ఇంట్లోంచి వెళ్ళిపోతున్నారు. నేను ఒక్కొక్కటే గీసినప్పుడు అలా ఉంటుందని నాకు తెలియదు. మా నాన్న చేతికర్ర గట్టిగా పట్టుకోవడం చూశాను.

నేను ఆమె పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తొందర ఎలా చూపిస్తారో, భుజం ఎందుకు దించుతారో, వెనక కాలు ఎందుకు ఎడమదైందో. ఒక కాగితం మీద గీసి కూడా చూపించాను. శ్రద్ధగా వింది.

"నిజమేనండి. ఆయనంతా అంతే. అందుకే అట్టా గీయగలిగారు."

పక్కింట్లోంచి అన్న వచ్చాడు. నుదుటి మీద కుట్ల మచ్చ. "మనిషి వాడేనమ్మా. నా తలకాయ మీద సాక్ష్యం ఉంది. మూడేళ్ళు నెత్తిన రాయి మోశాడు, మడమ దిగిపోయింది. కోపం గూడా దిగిపోయింది. దీంట్లో దయ్యం ఏముంది?" అని గట్టిగా అన్నాడు. భర్త ఎడమ పాదం ఎత్తి, ముల్లు విరిగిన చోట గట్టిపడ్డ మచ్చ చూపించాడు. ఆమె వంగి చూసింది. వేలితో తడిమింది కూడా.

"పాపం, ఈయనకి గూడా ముల్లిరిగింది" అంది.

భర్త పాదం మెల్లగా కింద పెట్టుకున్నాడు. ఆయన మొహం నేను ఎదురుగా చూసిందప్పుడే. చాలా మామూలు మొహం. ఎవరిదైనా కావచ్చు. గీయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసేది కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా నాన్న, "నీ తప్పేం లేదమ్మా" అన్నారు. నేను అడగలేదు. అడగకుండానే ఆయన ఆ మాట ఎందుకన్నారా అని నరసరావుపేట దాకా ఆలోచించాను.

తొందర మనిషిని ఆపేస్తానని ఎడిటర్ గారితో చెప్పాను. కారణం తెలుసు గనక ఆయన కోప్పడలేదు కానీ, "పాఠకులకి ఏం చెప్పమంటావు?" అన్నారు. ఊరు వదిలి వెళ్ళాడని రాద్దామా అంటే నేనొద్దన్నాను. ఏమీ చెప్పకుండానే ఆపేశాం.

మిరపకాయ కోతలప్పుడు ఆమె చివరిసారి వచ్చింది. గుంటూరుకి సరుకు వేసుకొచ్చారట. ఊరంతా ఘాటు, అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. ఆమె వెనక, మెట్ల మీద, భర్త సంచి పట్టుకుని నిలబడ్డాడు. నా కోసం సేరు మిరపకాయలు తెచ్చింది.

"బాగున్నారా అక్కా?"

"బాగున్నామండి. ఈయన ఉంటన్నారు. చేను మొత్తం ఈయనే చూసుకుంటన్నారు. చానా మంచి మనిషి." గొంతు తగ్గించలేదు. మెట్ల మీద ఆయనకి వినపడుతూనే ఉంది. "ఆయన వచ్చిందాకా ఉండమన్నాను."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నాకు నమస్కారం పెట్టి, "ఉంటానన్నానండి" అన్నాడు. ఆ మాటలో బాధేమీ కనపడలేదు. ఏదో పనికి ఒప్పుకున్న మనిషిలా అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగి, గోనెల్లో కుక్కిన మిరప టిక్కీల లారీల మధ్యనుంచి బస్టాండు వైపు వెళ్ళారు. ఆమె ముందు, ఆయన వెనక.

తర్వాతి సంచికనుంచి రెండు ఎద్దులు మాట్లాడుకునే బొమ్మల కథ మొదలుపెట్టాను. అంత బాగుండలేదని కార్డులు వచ్చాయి. పెళ్ళై ఒంగోలు వెళ్ళేదాకా ఎద్దుల్నే వేశాను. మనుషుల్ని వెయ్యమని ఎడిటర్ గారు రెండుమూడుసార్లు అడిగారు గానీ, నేను వినలేదు.