ఆవు చేపిన సాయంత్రం

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. అవే గనక ఉంటే నా ముఖం చూసి ఎప్పుడో చుట్టరికం కలుపుకొని, ఇంటికి వచ్చి పోతూ ఉండేవి. పాల వ్యాన్ నడిపే మనిషిని. మసక వెలుతురులో పలమనేరు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాను. నన్ను చూసి జడుసుకున్నవాళ్ళు ఉన్నారు గానీ నేను దేన్నీ చూసి జడుసుకోలేదు.

చదువు ఏడో తరగతితో సరి. కాబట్టి ఇందులో పెద్ద మాటలు కనబడితే అవి డాక్టరమ్మవి. మిగతావి నావి.

మా అక్క మొగుడు, అంటే మా బావ, పాడి మీద బతికే మనిషి. కొట్టంలో తుప్పు పట్టిన మేకు ఒకటి ఆయన కాలికి దిగింది. పసుపు అద్ది, గుడ్డ చుట్టి, పనిలో పడ్డాడు. కాలు వాచింది. జ్వరం వచ్చింది. అప్పటికీ ఏం కాదులే అన్నాడు. ఒక పొద్దున నేను పాలు ఎత్తుకోవడానికి వెళ్తే మంచం మీంచి చూసి, “యాడి నుంచి వచ్చినావప్పా? ఎవరు నువ్వు?” అని అడిగాడు.

మామూలుగా అయితే ఆ మాటకు వారం రోజులు ఆటపట్టించేవాణ్ణి. ఆ చూపు చూశాక క్యాన్లు వీధిలోనే దింపేసి, బావను వ్యాన్లో పడుకోబెట్టి, అక్కను ఎక్కించుకుని తిరుపతికి పోనిచ్చాను.

కాలి పుండు జబ్బు రక్తంలోకి పాకి ఒళ్ళంతా దెబ్బతీస్తోందనీ, దాన్ని సెప్సిస్ అంటారనీ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. బీపీ పడిపోయింది. నోట్లో గొట్టం వేసి ఊపిరి మిషన్‌కు కలిపారు. నిద్రమందు ఇచ్చారు.

రక్తంలో లాక్టేట్ అని ఒకటి చూస్తారట. ఒంట్లో ఏ మూలకైనా రక్తం సరిగ్గా అందకపోతే అది పెరుగుతుందట. ఇంకొకటి కూడా చూస్తారు, దాని పేరుకు నా నోరు తిరగదు. ఈ సంగతి నాకు తొందరగానే ఎక్కింది. మా పాల సెంటర్లోనూ అంతే. గుక్కెడు పాలు మిషన్లో పోస్తే వెన్న ఎంతో అంకె పడుతుంది. ఆవు ముఖం చూసి ఎవరూ రేటు కట్టరు.

“బతుకుతాడా మేడమ్?” అంది అక్క.

“ఈ నంబరు జాతకం కాదమ్మా. ఇప్పుడైతే చాలా ఎక్కువగా ఉంది. మందులు పట్టుకుంటే దిగుతుంది. సాయంత్రం మళ్ళీ రక్తం తీస్తాం. దిగడం మొదలైతే ఆశ పెట్టుకోవచ్చు. దిగకపోతే కష్టం. దాచి లాభం లేదు.”

మార్కులు తగ్గితే మంచిదని చెప్పిన చోటు నా బతుకులో అదొక్కటే. ఇలాంటి బడి మా ఊళ్ళో ఉండి ఉంటే నేను చదువు మానేవాణ్ణే కాదని అక్కతో అన్నాను. ఏడుస్తూనే నా వీపు మీద ఒకటి వేసింది. అదే నాకూ కావాల్సింది.

అంతలో పక్కింటాయన ఫోన్ చేశాడు. “నిన్న మీ బావ మంచం పట్టినప్పట్నుంచి మీ ఆవు సుక్క పాలు ఇయ్యలేదబ్బా. పొదుగు రాయి మాదిరి ఉండాది. కాలెత్తి తంతాండాది. మేం పెండ్లికి పోతాండాం, ఎవరైనా వచ్చి సూసుకోండి.”

ఆ ఆవు సంగతి చెప్పాలి. దూడ చచ్చిపోయినప్పటి నుంచీ బావ గొంతు వింటే తప్ప చేపేది కాదు, అంటే పొదుగులోకి పాలు వదిలేది కాదు. ఆయన పక్కన కూర్చుని నాలుకతో ‘ట్రూ, ట్రూ’ అని, “ఇయ్యి తల్లీ, ఇయ్యి” అని సాగదీసి, చివర బీడీ దగ్గు ఒకటి దగ్గేవాడు. ఆ దగ్గుతో సహా వినబడితేనే పాలు దిగేవి. అక్క చెప్పినా అంతే, నేను చెప్పినా అంతే. పాలు నిలిచిపోతే పొదుగువాపు వచ్చి ఆవూ పోతుంది.

“నువ్వు పోరా. ఆయప్ప కండ్లు తెరిస్తే ముందు నన్నడగడు, దాన్నే అడుగుతాడు” అంది అక్క.

నేను ఊరు చేరేసరికి ఎండ ఇంకా కొట్టం గోడ మీద ఉంది. అటూ ఇటూ ఇళ్ళకు తాళాలు. చెంబు తీసుకుని ఆవుకు కుడి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా పాలు మోశానే గానీ పిండింది లేదు. వేణ్ణీళ్ళతో పొదుగు కడిగాను. బావ మాదిరే ట్రూ ట్రూ అన్నాను. దొంగ దగ్గు కూడా దగ్గాను. ఆవు తల తిప్పి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. చెంబును తన్నింది.

చెంబు తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నాను. ఏం చేయాలో తోచక ఆవు డొక్కకు తల ఆనించాను. అప్పుడు వినబడింది. ఆవుకు అవతలి పక్క నుంచి. ట్రూ, ట్రూ. ఇయ్యి తల్లీ, ఇయ్యి. తర్వాత దగ్గు.

ఆవు చెవులు నిక్కబొడుచుకుని అటు తల తిప్పింది. లేచి చూశాను. ఎవరూ లేరు. నేలంతా ఎండ పరుచుకుని ఉంది. నా ఫోన్ వ్యాన్లో ఉంది. నాకు తెలియకుండానే అవతలి పక్కకు పోయి కూర్చున్నాను. చేయి వేయకముందే పాలు చుక్కలుగా కారుతున్నాయి. చెంబు నిండింది, బకెట్ తెచ్చుకోవాల్సి వచ్చింది.

నా చెవులు మోసపోయి ఉండొచ్చు. ఒప్పుకుంటాను. మరి ఆవును ఎవరు మోసం చేశారు?

పాలు సెంటర్లో పోసి వ్యాన్ ఎక్కేసరికి అక్క ఫోన్. “దిగిందంటరా! నంబరు దిగిందంట! డాక్టరమ్మ నవ్వింది.” రక్తం ఎప్పుడు తీశారని అడిగాను. ఇందాక, ఎండ ఉండగానే అంది. అంతకు మించి కచ్చితంగా చెప్పలేను, నేను గడియారం కట్టను.

మర్నాడు ఇంకా దిగింది. నా నోరు తిరగనిది కూడా మెల్లగా దిగుతూ వచ్చింది. గొట్టం తీశారు. బావను నిలబెట్టింది మందులూ, ఆ డాక్టరమ్మా. అందులో నాకు అనుమానం లేదు.

ఇంటికొచ్చాక, గొంతు ఇంకా బొంగురుగా ఉన్న బావకు నేను విన్నది చెప్పాను. వినబడిందనీ, ఆవు చేపిందనీ, అంతే. నేను ఏ పక్క కూర్చున్నానో, చెంబు ఎలా ఎగిరిందో చెప్పలేదు. పాల వ్యాన్ వాడి పరువు పోతుందని అక్కకు కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం నన్ను చూసింది ఆ ఆవు ఒక్కటే.

బావ దగ్గి, అన్నాడు:

“ఏమిరా, కుడి పక్క కూసోని పిండితే చేపుతాదా అది? నేను అరవక ఏం జేసేది?”