కళ్లజోడు సొరుగు

ఆ వీధిలో మధ్యాహ్నాలు మెల్లగా నడుస్తాయి. మందుల కొట్టులో ఎండ అద్దాల అరల మీద వాలి, దగ్గుమందు సీసాల్లోంచి ఎర్రగా నేల మీదికి జారుతుంది. ఆ ఎరుపు చెప్పుల దాకా పాకేసరికి కొట్టాయనకు కునుకు పడుతుంది. సగం నిద్రలో చెయ్యి చాపినా ఏ మందైనా ఆయనకు అందుతుంది, ఒక్కటి తప్ప.

గర్భం పోగొట్టే మాత్రలు ఆయన అమ్మడు. ప్రాణం పోసేదీ తీసేదీ పైవాడేనని నమ్మకం. అలాగని ఉంచుకుని లేవంటే అబద్ధం. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని చిన్నప్పుడు తల్లి పెట్టిన భయం ఇంకా పోలేదు. అందుకని వాటిని తెప్పించడమే మానేశాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా అన్నమాట. అవి ఉండాల్సిన సొరుగులో కళ్లజోడు పెట్టుకున్నాడు. ఎవరైనా ఆ చీటీ తెస్తే సొరుగు లాగి చూపించి మరీ, "ఆ మందు లేదమ్మా" అనేవాడు. వీధంతా చాటున ఆయన్ని లేదుగారు అని పిలుచుకునేది. ఎవరికి, ఎందుకు అని ఆయన ఎన్నడూ అడగలేదు. మంచివాడే, కాదనలేం. కానీ ఏమీ అడగకుండా మంచిగా ఉండటం ఎంత సుళువు!

ఆ రోజు కునుకుకు ముందు, చంకలో పిల్లతో వచ్చిన ఒకావిడకూ అదే చెప్పాడు. ఆవిడ సొరుగులోకి చూసి వెళ్లిపోయింది.

కలలో మనవడో మనవరాలో సీసాల మధ్య పాకుతున్నట్టు కనబడింది. పుట్టింటికి వచ్చి ఉన్న కూతురికి మూడో నెల. కళ్లు తెరిస్తే ఎదురుగా అల్లుడు, చేతిలో చీటీ. కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందట. అలాగే ఉండిపోతే తల్లికి ముప్పని, ఈ పూటే ఆ మాత్రలే వేయాలని డాక్టరమ్మ చెప్పిందట.

ఆయన సొరుగు లాగాడు. కళ్లజోడు ఉంది.

"లేదు, బాబూ."

అంత చేదు నిజం ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

చీటీ లాక్కుని, చెప్పులైనా తొడుక్కోకుండా బజారు చివరి కొట్టుకు పరుగెత్తాడు. అక్కడ వరసలో ఆఖరున ఇందాకటి ఆవిడే ఉంది. పిల్లను మోసుకుంటూ అంత దూరం నడిచి అప్పుడే చేరినట్టుంది. ఆయన చేతిలో చీటీ చూసింది, ముఖం చూసింది. పిల్లను రెండో చంకలోకి మార్చుకుని, ముందున్నవాళ్లను కూడా జరగమంది.

"ముందు మీరు తీసుకోండి బాబాయిగారూ. నేను ఆగుతాన్లెండి."

మాత్రలు తీసుకుని, సిగ్గుతో తలెత్తలేక, ఆవిడ పక్కనుంచే ఇంటికి పరుగెత్తాడు.

కూతురు గట్టెక్కింది. కొన్నాళ్లకు ఎండ మళ్లీ చెప్పుల దాకా పాకింది కానీ ఆయనకు కునుకు పట్టలేదు. లేచి, కళ్లజోడు తీసి జేబులో వేసుకుని, ఆ సొరుగును పొడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.