యాదమ్మక్క మొహం మీది మెరుపు

ఈ ఉదయం మా గచ్చిబౌలి ఆఫీసు పాంట్రీలో అల్లం దంచుతుంటే ఆ ఘాటుకు కళ్లు తడిశాయి. నెపం అల్లం మీదికి తోసేయొచ్చు కాబట్టి కాసేపు హాయిగా ఏడ్చాను. యాదమ్మక్క గుర్తొస్తే నాకున్న సౌకర్యం ఇదొక్కటే.

బడీ నేనూ ఒకరికొకరం తొందరగానే దండం పెట్టుకున్నాక, నాకు ఈ పాంట్రీ పని నేర్పింది ఆమె. "కప్పు ఇచ్చేటప్పుడు టేబుల్ దిక్కు కాదురా, మనిషి మొఖం దిక్కు చూడాలె" అనేది. యాభై దాటిన ఆమెను ఎవరూ ఎన్నడూ అందగత్తె అనలేదు. ఉన్నట్టుండి అనసాగారు. ముడతలు పోయి చర్మం నున్నగా మెరిసింది, చెవి తమ్మెలు నిండుగా అయ్యాయి. "ఏం క్రీమ్ వాడుతున్నారండీ ఆంటీ?" అని ఆఫీసు అమ్మాయిలు అడిగితే, "గిన్నెలు తోమే సబ్బు, బిడ్డా" అని మురిసిపోయేది. కనుబొమ్మలు పలచబడితే కాటుకతో దిద్దుకుంది. "ఏందక్కా, సినిమా ఛాన్స్ వచ్చిందా?" అన్నాను. "వస్తే నిన్ను డ్రైవర్‌గ పెట్టుకుంట" అంది.

ఒకరోజు ట్రే పట్టుకుని నడుస్తుంటే ఆమె చెప్పు ఒకటి వెనకే ఉండిపోయింది. ఆమె ఆగలేదు. "అక్కా, నీ చెప్పు రిజైన్ చేసింది!" అని అరిచాను. వంగి కాలు చూసుకుంది. నవ్వలేదు. "ఊడిందని తెల్వలేదురా."

సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ మోచేతి దగ్గర నరం తడిమి, కళ్లు మూసుకోమని, పాదం మీద దూది ఆనించింది. "తాకినప్పుడల్లా చెప్పమ్మా." దూది పాదమంతా తిరిగింది. అక్క బుద్ధిగా కూర్చుని, కాసేపటికి అడిగింది: "ఇంకా మొదలుపెట్టలేదా, అమ్మా?"



చెవి తమ్మె నుంచి తీసిన నమూనా పరీక్షలో కుష్ఠు అని తేలింది. "మచ్చ ఒక్కటన్న లేదు గదమ్మా?" అన్నాను. "కొందరికి మచ్చలు కనబడవు. చర్మమంతా ఇట్లా నున్నబడుతుంది, చూసినవాళ్లు కళ అనుకుంటారు. మందులతో తగ్గిపోతుంది. ఆ మందుల వల్ల కొన్నాళ్లు రంగు నల్లబడుతుంది. పోయిన స్పర్శ మాత్రం రాకపోవచ్చు" అంది. అక్క ఒక్కటే అడిగింది: "అయితే ఈ మొఖం నాది కాదా?"

మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటుకోదని డాక్టరమ్మ రాసిచ్చినా, పాంట్రీ కాంట్రాక్టరు ఆమెను మళ్లీ లోపలికి రానివ్వలేదు.

కొన్నాళ్లకు నల్లగండ్లలో ఆమె కిరాయి గదికి వెళ్లాను. నల్లబడ్డ మొహం, ముడుచుకుపోతున్న వేళ్లు. టీ పెట్టి నా ముందుంచి, తాగుతానో లేదో అని నా మొహం వైపే చూసింది. గటగటా తాగేసి, "చక్కెర తక్కువైంది, ఇంకో కప్పు పొయ్యి" అన్నాను. నవ్వుతూనే కొంగు కళ్లకు ఒత్తుకుంది. ఆ తర్వాత మళ్లీ వెళ్తే గదికి వేరే తాళం ఉంది. ఫోను ఇప్పటికీ కలవదు.

ఇప్పుడు పాంట్రీ నాది. కప్పు ఇస్తూ ప్రతి మొహం చూస్తాను. ఎవరైనా ఎవరినైనా "ఈమధ్య భలే మెరిసిపోతున్నావ్" అని మెచ్చుకుంటే, అందరూ ఆ మొహం చూస్తారు. నేను కాళ్ల చెప్పులు చూస్తాను.