మా కోసం వేరే వంట

నెల్లికుదురు దగ్గర ఒక బడిలో ఆమె, నేను పన్నెండేళ్లు కలిసి పాఠాలు చెప్పాం. ఆమెది లంబాడీ తండా. నేను నాలుగెకరాలకి నలభై ఎకరాల టెక్కు చూపించే ఇంటి కోడలిని. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు విప్పి మధ్యలో పెట్టుకునేవాళ్లం. ఆమె జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం నాకు. నా పప్పుచారు ఆమెకు. అందుకని మా మధ్య తేడాల్లేవని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద తోటి టీచర్లకి ఉపన్యాసాలు కూడా దంచాను.

పోయిన వేసవిలో ఆమె కూతురి పెళ్లి. ఆ ఎండలో పట్టుచీర కట్టుకుని పెద్దవంగర అవతల వాళ్ల తండాకి వెళ్లాను. ఆటో దిగానో లేదో ఒక పెద్దాయన చేతులు జోడించి, "గిటు రాండ్రి మేడం, గిటు," అంటూ పెళ్లిపందిరి దాటించి ఇంకో టెంటులోకి తీసుకెళ్లాడు. అక్కడ కూలర్, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, మా ఊరి మాజీ సర్పంచు, ఆయన చుట్టూ మరో పదిమంది మావాళ్లు. తండా ఇంట్లో వండింది మావాళ్లు తినరు. అందుకని పిలిచినవాళ్లే మాకోసం నర్మెట్ట నుంచి మా కులపు వంటాయననే రప్పించి, గిన్నెల దగ్గరికి తండా మనిషెవరూ పోకుండా వేరే వండించారు. ఇక్కడ ఇదే మర్యాద!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అవతల పందిట్లో మేకకూర ఘుమఘుమలాడుతోంది. ఇక్కడ నా ముందు ఉప్పులేని పప్పు, ఉండలు కట్టిన కూరగాయల బిర్యానీ. లేచి వెళ్లి ఆమెను పక్కకి లాగాను.

"ఏందిది? నాకు గూడ వేరే వంటనా? నీ రొట్టె నేనెన్నడు తినలేదా?"

"బడి వేరక్కా, ఇల్లు వేరు."

"నేను మీ బంతిలనే కూసుంట."

ఆమె ముఖం పాలిపోయింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. నువ్వు గిటు కూసుంటె గాళ్లందరు లేసిపోతరు. తినకుండ పోయిండ్రంటె బిడ్డ అత్తగారోళ్ల ముంగట నా ఇజ్జత్ పోతది."

నిజమే. మాజీ సర్పంచు అప్పటికే మెడ చాచి మా వైపు చూస్తున్నాడు. ఎవరి మీద కోప్పడాలి? తినని వాళ్ల మీదనా, తినరని ముందే తలొంచిన వాళ్ల మీదనా? చివరికి నాకు దొరికింది ఆమే.

"పన్నెండేండ్ల సంది చూస్తున్నవ్, నన్ను గింత గూడ నమ్మవా?" అన్నాను.

ఆమె కోప్పడలేదు. చేతిలోని పసుపు గిన్నె ఇంకో చేతికి మార్చుకుంది.

"మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చిన అక్కా? వరండల కుర్చీల కూసొని చాయ తాగి పోయిన. మీ వంటిల్లు ఎట్లుంటదో నాకింక తెల్వదు."

వరండాలో గాలి బాగా వస్తుందని అక్కడ కూర్చోబెట్టేదాన్ని అని చెప్పబోయాను. కానీ లోపల అత్తమ్మ ఉంటుంది, ఆమెతో పంచాయితీ ఎందుకని ఇన్నేళ్లూ చాయ బయటికి మోసింది నేనే. సిగ్గుతో వెళ్లి ఆ చప్పటి పప్పు మొత్తం తిన్నాను.

ఇంటికి రాగానే అత్తమ్మ అడిగింది, "వేరే వండిచ్చిండ్రా?" అని. వండించారంటే, "పద్ధతి తెలిసినోళ్లు," అని మెచ్చుకుంది. ఒళ్లు మండింది.

"వచ్చే ఐతారం ఆమె మనింట్ల తింటది. వంటింట్ల కూసొని తింటది," అన్నాను.

అత్తమ్మ మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకుందంటే మా ఇంట్లో అందరం జాగ్రత్తగా తిరుగుతాం.

ఆదివారం ఆమె వచ్చింది, అలవాటుగా వరండా కుర్చీ వైపే నడిచింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. లోపల అత్తమ్మ పీట మీద కూర్చుని మామిడికాయలు కోస్తోంది. తల ఎత్తలేదు.

"రా, ఏం గాదు," అన్నాను.

నా స్నేహితురాలు అత్తమ్మ ముఖం వైపు చూసింది, రమ్మంటుందేమోనని. నేనూ అటే చూశాను. నా జీతంతో కట్టుకున్న వంటింట్లోకి నా మనిషిని తీసుకుపోవడానికి నేనూ ఆ ముసలావిడ అనుమతి కోసమే చూస్తున్నాను. అది నా స్నేహితురాలి కంట పడింది. నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.