బందర్ ఎస్, మూడు చుక్కలు

పుట్టి పెరిగిన ఊళ్ళో, పట్టపగలు, రైల్వే స్టేషన్ ముందు నిలబడి మనిషి దారి తప్పగలడా? తప్పగలడు. నేను తప్పాను. అదీ ఒక్కణ్నే కాదు, అత్తవారింటి వాళ్ళందర్నీ వెంటబెట్టుకుని మరీ తప్పాను. సొంత ఊళ్ళో దారి తప్పినవాళ్ళు మహా అయితే పక్క వీధిలో తేలతారు. నేను రెండు సముద్రాల అవతల తేలాను. ఎలాగో చెప్తాను. తొందరపడి ఇప్పుడే నవ్వేయకండి, కాస్త దాచుకోండి.

అప్పట్లో నాది ఆసుపత్రులకి స్కానింగ్ యంత్రాలు అమ్మే ఉద్యోగం. నెలలో సగం విమానాల్లోనూ, మిగతా సగం విమానం ఆలస్యమని చెప్పే కుర్చీల్లోనూ గడిచేది. విమానం ఎక్కినప్పుడల్లా, హోటల్లో పడుకున్నప్పుడల్లా ఒక ట్రావెల్ కంపెనీవాళ్ళు నా ఖాతాలో కొన్ని పాయింట్లు వేసేవాళ్ళు. పాయింటంటే డబ్బు కాదు, డబ్బుకి దూరపు చుట్టం. పోగుచేసుకుంటే ఎప్పుడైనా టిక్కెట్టుకో, గదికో, అద్దె కారుకో చెల్లుతుంది. రొయ్యల చెరువు రైతు పొద్దున్నే గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసుకున్నట్టు, నేను పళ్ళు తోముకోకముందే నా పాయింట్లు చూసుకునేవాణ్ని. నేరుగా వెళ్ళే విమానం ఉన్నా, చుట్టూ తిరిగి వెళ్ళేదే ఎక్కేవాణ్ని, కాసిని ఎక్కువొస్తాయని. ఆ లెక్కన ఒకసారి బెంగళూరు వెళ్ళే దారిలో ఢిల్లీ కూడా చూసొచ్చాను.

ఇన్ని కష్టాలు పడి కూడబెట్టినవాటిని ఎక్కడో ఒకచోట ప్రదర్శించాలి కదా. పెళ్ళయిన కొత్త. ప్రదర్శనకి అత్తవారింటిని మించిన చోటు లేదు.

మా అత్తవారిది గుడివాడ. మావయ్యగారికి ఎరువుల కొట్టుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన తల్లిని ఇంటిల్లిపాదీ మామ్మగారు అంటారు. మామ్మగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మళ్ళీ తన కాళ్ళ మీద తాను నిలబడితే మాఘ పూర్ణిమకి హంసలదీవి వచ్చి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మునుగుతానని ఆవిడ ఆసుపత్రి మంచం మీదే మొక్కుకుంది. నిలబడింది. పూర్ణిమ వచ్చింది. ఆ ఏడు తిథి మధ్యాహ్నం దాకానే ఉంది, ఆ తరవాత పాడ్యమి. అంటే పన్నెండులోపు ఆవిడ నీళ్ళలో ఉండాలి, లేకపోతే మొక్కు ఇంకో ఏడాదికి వాయిదా. "ఇంకో ఏడాది అనేది నా చేతిలో ఉందా" అని ఆవిడ మామూలుగానే అనేది గాని, వినేవాళ్ళకి మామూలుగా ఉండేది కాదు.

మావయ్యగారు ఎప్పటిలాగే తెలిసిన కారొకటి మాట్లాడారు. దాని డ్రైవరు ప్రసాదు. ఇంటి ముందు హారన్ కొట్టి, కాఫీ తాగి, అందర్నీ ఎక్కించుకుని వెళ్ళే మనిషి. సరిగ్గా అక్కడే నేను నోరు తెరిచాను.

"ఉచితంగా వచ్చే కారుండగా డబ్బులెందుకండీ?" అన్నాను.

మావయ్యగారు నావంక చూశారు. ఉచితంగా వచ్చే ఎరువు గురించి రైతు అడిగినా ఆయన అలాగే చూస్తారని తరవాత తెలిసింది.

నేను ఫోన్ తీసి పాయింట్ల మహిమ వివరించాను. కారు మనమే నడుపుకోవచ్చు, కొత్త కారు, ఏసీ, పైసా ఖర్చు లేదు. ఎక్కడ తీసుకోవాలో వెతికాను. గుడివాడ అని కొడితే ఏమీ రాలేదు. ఇక నా చేతివేళ్ళు వాటంతట అవే మా ఊరి పేరు కొట్టాయి. ఇక్కడ ఒక్క మాట. మా ఊరి పేరు కాగితాల్లో మచిలీపట్నం. ఆ పేరు కలెక్టరాఫీసు బోర్డు మీద, రైలు టిక్కెట్టు మీద ఉంటుంది. నోట్లో మాత్రం ఎవడికైనా బందరే. బందరువాడు ఫోన్లో ఊరి పేరు కొట్టాలంటే బందరనే కొడతాడు.

కొట్టాను. వెంటనే వచ్చింది. చిన్న తెర కావడంతో పేరు పూర్తిగా పట్టలేదు. ఇంగ్లీషులో బందర్ అనీ, పక్కన ఒక ఎస్, ఆ పైన మూడు చుక్కలూ ఉన్నాయి.

"బందర్ స్టేషన్" అని చదివాను. ఎస్‌తో మొదలయ్యేది ఇంకేముంటుంది? సముద్రం కూడా ఎస్సే గాని, సముద్రంలో కార్లు అద్దెకివ్వరు.

నా భార్య లావణ్య భుజం మీదుగా చూసింది. "మీ స్టేషన్లో సైకిల్ స్టాండే అంతంత మాత్రం. కార్లిచ్చే కౌంటరెప్పుడు పెట్టారండీ?"

"పోర్టు కడుతున్నారు కదా. దాంతోపాటు ఇవన్నీ వస్తాయి" అన్నాను. అభివృద్ధి మీద నాకున్నంత నమ్మకం ఆ రోజు అభివృద్ధికే ఉండి ఉండదు.

పాయింట్లన్నీ ఒక్క వేటుకి కోసేసుకున్నారు. ఇక వెనక్కి రావని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. ప్రసాదు కారు వద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను, ఉదారంగా. పథకం కూడా నాదే. పొద్దున్న గుడివాడలో రైలెక్కి బందరులో దిగడం, స్టేషన్ గుమ్మంలోనే కారెక్కడం, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా పదింటికల్లా హంసలదీవి.

కారు తీసుకునేటప్పుడు పాస్‌పోర్టు చూపాలని బుకింగులో రాసుంది. తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రైల్లో ఎదురుగా కూర్చున్న మావయ్యగారు దాని నీలం అట్ట చూశారు.

"బందరుకి పాస్‌పోర్టెందుకు అల్లుడుగారూ?"

"ఇంటర్నేషనల్ కంపెనీ అండీ. పద్ధతులలాగే ఉంటాయి."

ఆయన కిటికీలోంచి చేలవంక చూడడం మొదలుపెట్టారు. గుడివాడ నుంచి బందరుకి పాస్‌పోర్టుతో ప్రయాణించిన మొదటి మనిషిని నేనేనని నా నమ్మకం. ఎవరైనా ముందే చేసి ఉంటే తెలియజేయండి, కలిసి టీ తాగుదాం.

బందరులో దిగాం. మామ్మగారు, అత్తయ్యగారు, మావయ్యగారు, లావణ్య, పూజ బుట్ట, పులిహోర గిన్నె, పొడి బట్టల సంచి. స్టేషన్ బయట నాలుగు ఆటోలు, ఒక సోడా బండి. కౌంటరు లేదు. నాకేం కంగారు కలగలేదు. ఆసక్తి కలిగింది. ఇంత పెద్ద కంపెనీ ఇంత చిన్న స్టేషన్లో కౌంటరు ఎక్కడ దాచి ఉంటుందా అని పార్సిల్ ఆఫీసు వెనక దాకా వెళ్ళి చూశాను. అక్కడ ఒక మేక ఉంది.

బుకింగు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టమన్నారు మావయ్యగారు. అవతల ఒక అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. సంభాషణంతా ఇంగ్లీషులోనే జరిగింది గాని, మా అత్తవారికి చేరిన రూపంలో ఇక్కడ రాస్తున్నాను.

"మీ కారు సిద్ధంగా ఉందండీ. మీ సమయం దాటిపోయి చాలాసేపైంది, మీకోసమే చూస్తున్నాం."

గడియారం చూసుకున్నాను. పావుగంట ముందే వచ్చాం. కంపెనీవాళ్ళ గడియారం పరుగెడుతోందనుకున్నాను.

"మీరు దిగారా?"

"దిగానండీ, ఇప్పుడే."

"సామాను అందిందా?"

"పూజ బుట్ట మావయ్యగారి చేతిలోనే ఉంది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "మా మనిషి మీ పేరు రాసిన అట్ట పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు. కనిపిస్తున్నాడా?"

చూశాను. ఒకాయన నిజంగానే అట్ట పట్టుకుని ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాను. ఆయన దాంతో విసురుకుంటున్నాడు. దాని మీద బిస్కెట్ల కంపెనీ పేరుంది. ఆయన నన్ను చూసి నాకు కూడా రెండు విసుర్లు విసిరాడు.

"అట్ట ఉంది గాని పేరు నాది కాదండీ."

"వచ్చేవాళ్ళ గేటు దగ్గరే ఉన్నారా?"

"మా బందరు స్టేషన్లో వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఒకటే గేటండీ."

"స్టేషనా? పెట్రోలు స్టేషనా?"

"కాదండీ, రైల్వే స్టేషన్."

"మాకు రైళ్ళు లేవండీ."

ఈ మాటకి నాకు కొంచెం పౌరుషం వచ్చింది. రైలు మా ఊరికి బ్రిటిష్‌వాళ్ళ నాడే వచ్చిందనీ, ఇప్పుడు నేను దాంట్లోంచే దిగాననీ చెప్పాను. ఎదురుగా ఏం కనబడుతోందని అడిగింది. సోడా బండి అన్నాను. ఆ పేరుగల కంపెనీ తమ టెర్మినల్లో లేదంది. ఆ తరవాత చాలా మెల్లిగా, పసిపిల్లవాడు తప్పిపోతే అడిగినట్టు అడిగింది.

"సార్, మీరు ఏ దేశంలో ఉన్నారు?"

స్టేషన్ ముందు ఆటోవాళ్ళు కూడా నాలుగడుగులు దగ్గరికి జరిగారు.

భారతదేశంలో ఉన్నానని ఒప్పుకున్నాను. నా కారు బ్రూనైలో ఉందని ఆవిడ చెప్పింది. ఆ దేశపు రాజధాని పేరు బందర్ సెరి బెగవాన్‌ట. ఎస్ అంటే సెరి. మూడు చుక్కల వెనక ఉన్నది బెగవాన్. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందట. అక్కడి విమానాశ్రయంలో, నా పాయింట్లన్నిటితో కొన్న తెల్లటి కారు, నా పేరు రాసిన అట్టతో సహా, నాకోసం ఎదురు చూస్తోంది.

మామ్మగారు నా చెయ్యి పట్టుకుని అడిగింది, "బ్రూనై అంటే ఏ మండలం బాబూ? అవనిగడ్డకి ఇవతలా, అవతలా?"

"అవతలే మామ్మగారూ. కాస్త బాగా అవతల."

"అయితే మన దారే కదా" అని ఆవిడ తృప్తిపడింది.

తక్కినవాళ్ళు తృప్తిపడలేదు. నేను ప్రసాదుకి ఫోన్ చేశాను. అతను ఇంకెవరినో ఎక్కించుకుని అప్పటికే మోపిదేవి దాటాడట. "మీరే వద్దన్నారు కదండీ" అన్నాడు, నింద లేకుండా. నింద ఉంటే బాగుండేది. ఊళ్ళో ఒక్క కారు ఖాళీ లేదు, అందరికీ అదే పూర్ణిమ. బస్సుల్లో ఒంటికాలి మీద నిలబడ్డానికి చోటుంది గాని, మామ్మగారి కాళ్ళలో ఒకటి కొత్తది, రెండోది నమ్మకం లేనిది. ఆటోవాళ్ళు అంత దూరం రామన్నారు. ఎండ ఎక్కుతోంది. మామ్మగారు పొడి బట్టల సంచి ఒళ్ళో పెట్టుకుని స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. మాటిమాటికీ సూర్యుణ్ని చూసుకుంది. లావణ్య నన్ను చూడలేదు. ఆ క్షణంలో నిజంగానే బ్రూనైలో ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడు ఒక చేపల వ్యాను వచ్చి సోడా బండి దగ్గర ఆగింది. దాని యజమానురాలు మంగాయమ్మ, హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప మనిషి. తెల్లారకముందే బందరు మార్కెట్లో చేపలమ్మి ఖాళీ ట్రేలతో ఇంటికి వెళ్తోంది. గోలీసోడా తాగుతూ మా గుంపుని చూసి సంగతి అడిగింది. సోడా బండతను నా కథ చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఇంకో సోడా తాగాల్సి వచ్చింది.

"రండి మామ్మగారూ. ఎలాగూ ఖాళీగానే వెళ్తన్నాను. వాసనకి మాత్రం నా పూచీ లేదు."

అత్తయ్యగారు వెనక్కి తగ్గారు. పూర్ణిమ పూట, తలంటు పోసుకుని, చేపల బండిలోనా అన్నారు.

మామ్మగారు అప్పటికే లేచి నిలబడింది. "సంగమంలో చేపల్లేవా ఏమిటి?" అని, డ్రైవరు పక్క సీటువైపు నడిచింది. ఆపరేషన్ తరవాత ఆవిడ అంత వేగంగా నడవడం అదే మొదలని మావయ్యగారు తరవాత చెప్పారు. ఆ లెక్కన ఆ కాలికి వ్యాయామం చేయించిన ఘనత నాదే గాని, ఇంతవరకు ఎవరూ గుర్తించలేదు.

మేం వెనక ఎక్కాం. మంగాయమ్మ తిరగేసిన ట్రేల మీద అందరికీ సీట్లు కేటాయించింది. నాకు ఐసు పెట్టె వచ్చింది. ఏసీ ఉంటుందని నేను మాటిచ్చాను కదా, మాట నిలబడింది. చల్లపల్లి దాటేసరికి కింద నుంచి చల్లదనం ప్యాంటులోకి వచ్చింది. అవనిగడ్డ దాటేసరికి చల్లదనం తప్ప ఇంకేమీ తెలియలేదు. పాస్‌పోర్టు జాగ్రత్తగా ఉంటుందని చొక్కా జేబులోంచి వెనక జేబులోకి మార్చుకున్నాను. కారు బుక్ చేశాక, అది నేను చేసిన రెండో తెలివైన పని.

కోడూరు దగ్గర మావయ్యగారు నావైపు తిరిగారు. తిడతారని ట్రే అంచు గట్టిగా పట్టుకున్నాను.

"అక్కడ కూడా లడ్డు చేస్తారా?" అని అడిగారు.

"ఎక్కడండీ?"

"ఆ బందరులో."

తెలియదన్నాను. ఇద్దరం ఫోన్లో మ్యాపు పెట్టుకుని చూశాం. అద్భుతం. సముద్రాల చుట్టూ ఎన్ని బందర్లో. బందర్ అంటే పారశీకంలో రేవట. ఓడ ఆగిన చోటల్లా ఎవడో ఒకడు దిగి, చుట్టూ చూసి, బందర్ అనేసి భోజనానికి వెళ్ళిపోయాడన్నమాట. మా ఊరు ఒక్కటే అనుకుని ఇన్నేళ్ళు బతికాను. మావయ్యగారు ఒక్కో బందరు మీద వేలు పెడుతూ పేర్లు చదివారు. ఆయన నాతో అంతసేపు మాట్లాడడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

పన్నెండుకి ఇంకా కాస్త ఉందనగా హంసలదీవి చేరాం. మామ్మగారు ఒక పక్క లావణ్యని, ఇంకో పక్క మంగాయమ్మని పట్టుకుని నీళ్ళలోకి దిగింది. మునిగింది. లేచి, సూర్యుడికి దణ్నం పెట్టి, అందరికీ వినబడేలా కోరుకుంది. "తల్లీ, నాకు కాలిచ్చావు. మా అల్లుడికి కాస్త దారి చూపించు."

అప్పుడే నా ఫోన్ మోగింది. ఆ మర్యాదస్తురాలే.

"సార్, మీ కారు ఇంకా ఇక్కడే ఉంది. మీరు ఎంతవరకు వచ్చారు?"

ఎదురుగా చూశాను. కృష్ణ అయిపోయింది. నేల అయిపోయింది. ఆ తరవాత నీళ్ళే.

"సముద్రం దాకా వచ్చానండీ" అన్నాను. "మిగతాది మీవైపే."

ఆ పాస్‌పోర్టుని ఇప్పటికీ ఏ విమానాశ్రయంలో ఇచ్చినా, అధికారి ముందు వాసన చూసి తరవాత ఫోటో చూస్తాడు. గుడివాడలో నన్ను ఇప్పటికీ బ్రూనై అల్లుడంటారు. ఆ పేరు విని నాకు అక్కడ ఆస్తులున్నాయనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, నేను ఖండించను.

ఇక, కృష్ణమ్మ సాక్షిగా, సోడా బండి సాక్షిగా, ఆ తెల్ల కారు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మూడు చుక్కలు కనిపిస్తే వాటి వెనకేముందో చూడకుండా పాయింటు కాదు కదా, అడుగు కూడా ముందుకి వేయను. మా ఊరిని ఎక్కడైనా, ఎవరితోనైనా, నిండుగా మచిలీపట్నం అనే అంటాను.

ప్రమాణం మర్నాడే అమల్లో పెట్టాను. గుడివాడలో బస్సెక్కి, స్పష్టంగా, ఒత్తులతో సహా, "మచిలీపట్నం ఒకటి ఇవ్వండి" అన్నాను. కండక్టరు నన్ను పైనుంచి కిందకి చూసి, టిక్కెట్టు చేతిలో పెట్టి, ఎంతో దయగా చెప్పాడు.

"కొత్తగా వస్తున్నారా అండీ? కంగారు పడకండి, బందరు రాగానే నేను చెప్తాగా."