చర్చిలో మా అత్త కాఫీ

మా ఊరి చరిత్రను రెండు యుగాలుగా విడగొట్టాలి: చర్చి ముందు సిమెంటు గచ్చు పడకముందు, పడ్డాక. పడకముందు కాఫీ గింజలు మట్టిలో ఎండబెట్టేవాళ్లం. మా బస్తాల్లో కాఫీ కన్నా కొండే ఎక్కువని కొనేవాళ్లు సణిగేవారు. పడ్డాక నాగరికులమయ్యాం. ఆ గచ్చు మహా అయితే ఒక బంతి భోజనాలకు సరిపోతుంది. మావాళ్లను అడగండి, విమానం దిగొచ్చంటారు.

చర్చికెళ్లేవాళ్లా, కొండదేవతకు కోడిని కోసేవాళ్లా అన్న తేడా గచ్చుకు లేదు. తెల్లారేసరికి ఎవరి చేట ముందు పడితే జాగా వాళ్లది. చిక్కల్లా క్రిస్మస్‌తోనే. కాఫీ ఎండే రోజుల్లోనే అదీ వస్తుంది. పండగ ముందురోజు అందరూ మర్యాదగా గచ్చు ఖాళీ చేస్తారు.

కిందటేడు మా మేనత్త చేయలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె కోత ఆలస్యమైంది. గింజ సగమే ఎండింది. ఆ పంట అమ్మి ఇంటికి రేకులు వేయించాలని ఆమె ఆశ. వానాకాలంలో ఆ ఇంట్లో కన్నా బయట తక్కువ తడుస్తామని నా అనుభవం.

పండగ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా ముక్కు ఉందో లేదో తడిమి చూసుకున్నాను. తెల్లబట్టల్లో వచ్చిన పాస్టరుగారు, గింజల మీద కప్పిన టార్పాలిన్ ముందు ఆగిపోయారు.

"అమ్మా, ఈరోజు పండగ. జనం ఎక్కడ నిలబడాలి?"

"మంచు ఇడనీ బాబూ. ఇప్పుడిప్పితే నా యేడాది కట్టం బూజెట్టిపోద్ది."

మంచు విడలేదు సరికదా, చినుకులు మొదలయ్యాయి. ఆ టార్పాలిన్‌కి జల్లెడ కన్నా కన్నాలు ఎక్కువ. అత్త నా మీద పడింది.

"ఒరే గుంటడా, ఏటి సూత్తన్నావు? బేగి లోపలికెత్తు."

మీసం నెరిసినా మా అత్తకు నేను గుంటడినే.

"లోపలంటే చర్చిలోకా అత్తా?"

"నేదు, సముద్రంలోకి."

పాస్టరుగారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాచారు. అత్త నెత్తిమీద గంపతోనే అడిగింది: "మీ దేవుడు పశువుల పాకలో పుట్టాడని మైకులో మీరే సెప్తారు గదా. పశువులకి నేని అడ్డు కాఫీకేటి?"

పాస్టరుగారు పెద్ద చదువు చదివిన మనిషి. కాసేపు ఆలోచించి చేతులు దించేశారు.

గింజలు మధ్యలో పరిచాం. జనం గోడల వెంట కాళ్లు ముడుచుకుని సర్దుకున్నారు. పంటకు కాపలాగా మా అత్త జన్మలో మొదటిసారి చర్చిలో కూర్చుంది. ఆమె మాట మీద ఫ్యాన్లన్నీ జోరుగా తిప్పారు. డిసెంబరు చలిలో భక్తులంతా దుప్పట్లలో గడగడలాడుతూ ప్రసంగం విన్నారు. నా పళ్ల చప్పుడుకు మైకు అక్కర్లేకపోయింది.

తడి గింజను ఊరికే వదిలితే పాడైపోతుంది, తిప్పుతుండాలి. ప్రసంగం గొర్రెల కాపరుల దాకా వచ్చేసరికి అత్త లేచింది.

"బాబూ, కూసింత ఆగండి. తిప్పాలి."

కాఫీ పండించే ఊళ్లో ఆ మాట విని ఎవరు కూర్చుంటారు? చర్చి మొత్తం లేచింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఒకరి నడుం చుట్టూ ఒకరు చెయ్యి వేసి, థింసా ఆడినట్టే వరుసకట్టి, గింజల్లో కాళ్లు ఈడుస్తూ తిరిగారు. చివరికి పాస్టరుగారు కూడా ప్యాంటు మడిచి వరుసలో కలిశారు. ఆరోజు ప్రసంగం చిన్నది, పాటలు పెద్దవి.

ముసురు పట్టిన వారమంతా అత్త గింజలు చర్చిలోనే ఉన్నాయి. సంతలో షావుకారు ఒక గింజ కొరికాడు. టక్కుమంది. ఇంత ముసురులో ఇలా ఎలా ఎండిందని అడిగాడు.

"పాటలు పాడించాను," అంది అత్త. రేకులు ఆ సాయంత్రమే జీపెక్కాయి.

ముసురు మాత్రం వదల్లేదు. ఆదివారం, ఎన్నడూ చర్చి మొహం చూడని కుటుంబాలు గుమ్మం ముందు బారులు తీరాయి. పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాక వాళ్ల భుజాల మీది బస్తాలు కనిపించాయి.

ఆయన వెళ్లి ఫ్యాన్లు వేసి, చెప్పులు విప్పి, పాట అందుకున్నారు.